చిలకలో దాచిన భయం

నాట్యశాస్త్రంలో భరతుడు భయానక రసాన్ని పుట్టించే సరంజామానంతా ఒక వరసలో చెప్పాడు. వికృతమైన అరుపులు, భూతాలు కనబడటం, నక్కల ఊళ, గుడ్లగూబ కూత, పాడుబడ్డ ఇల్లు, అడవి, తనవాళ్ల చావు కబురు వినడం. ఇంచుమించు రెండు వేల ఏళ్ల కిందటి జాబితా ఇది. ఇవాళ విడుదలయ్యే దెయ్యం సినిమాకైనా, రైల్వే స్టేషన్ పుస్తకాల కొట్టులో దొరికే హారర్ నవలకైనా ఇంతకు మించి సామాను అక్కర్లేదు. శృంగారానికి ఆయన చెప్పిన పూలమాలలూ ఉద్యానవనాలూ నేటి ప్రేమకథల్లో వెతికినా కనబడవు. భయం మాత్రం ఆ పాడుబడ్డ ఇంట్లోనే కాపురం ఉంటోంది.

ఆ ఇంటికి మనం కోరి ఎందుకు వెళ్తాం? వీధి చివర కుక్క మొరిగితే దారి మార్చుకునే మనిషి, అర్ధరాత్రి దుప్పటి ముసుగులో రక్తపిశాచి కథ ఎందుకు చదువుతాడు? చీకటి గదిలోకి ఒక్కతే వెళ్లనని మారాం చేసే ఆరేళ్ల పిల్ల, అదే చీకట్లో అమ్మమ్మను పట్టుకుని దెయ్యం కథ చెప్పమని ఎందుకు వేధిస్తుంది? దీని మీద తత్వవేత్తలు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, పిల్లల రచయితలు, పుస్తకాలను నిషేధించమని కోరిన తల్లిదండ్రులు మూడు వందల ఏళ్లకు పైగా వాదించుకుంటున్నారు. ఆ వాదాలన్నీ ఒకచోట పెట్టి చూశాక నాకు తోచింది ఇది: పిల్లలు పుస్తకం దగ్గరికి వచ్చేటప్పుడే తమ భయాన్ని వెంట తెచ్చుకుంటారు. పుస్తకం దానికి ఒక ఆకారం ఇస్తుంది, ఒక హద్దు గీస్తుంది, మంచి పుస్తకమైతే దాన్ని ఎదుర్కోవడానికి ఒక పని కూడా అప్పగిస్తుంది. భయపెట్టే పుస్తకాలకు ఇన్ని తరాలుగా ఆదరణ తగ్గకపోవడానికి కారణం ఇందులోనే ఉందని నా నమ్మకం.

మన ఆలంకారికులు ఈ చిక్కుముడిని ముందే పట్టుకున్నారు. పదో శతాబ్దం చివర, పదకొండో శతాబ్దం మొదట కశ్మీరంలో ఉన్న అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ, భయానికి ఉదాహరణగా ఏ రాక్షసుణ్ణీ తీసుకోలేదు. శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడి బాణానికి బెదిరి, మెడ వెనక్కి తిప్పి చూసుకుంటూ పరుగెత్తే లేడిని తీసుకున్నాడు. ఆ పరుగు చూసేటప్పుడు కలిగే భయం ఫలానా మనిషిదని చెప్పలేం, ఫలానా కాలానిదనీ చెప్పలేం. నాకేమవుతుందోనన్న బెంగ అందులో కలవదు గనుక దాన్ని రుచి చూడగలుగుతాం. ఆయన తర్వాత కొద్ది దశాబ్దాలకే, అదే కశ్మీరంలో, సోమదేవుడు రాణి సూర్యవతి కోసం కథాసరిత్సాగరం కూర్చాడు. శ్మశానంలో చెట్టుకు వేలాడే శవం, దాన్ని భుజాన వేసుకుని నడిచే రాజు, శవంలో దూరి కథలు చెప్పే బేతాళుడు అందులోని వాళ్లే. భయాన్ని ఎలా ఆస్వాదిస్తామో చెప్పిన సిద్ధాంతమూ, తొమ్మిది వందల ఏళ్లకు పైగా నిలిచిన భయం కథా ఒకే నేల మీద, అంత దగ్గర కాలంలో వెలువడటం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

కానీ అభినవగుప్తుడు చెప్పింది సహృదయుడైన పెద్దవాడి సంగతి. ఇది కథ, ఇక్కడికి రాదు అని పక్కన పెట్టగల నేర్పు పసివాళ్లకు ఇంకా అబ్బి ఉండదు. కథలోని రాక్షసుడు మంచం కిందికి రాగలడు. అందుకే పిల్లల దగ్గరికి వచ్చేసరికి వాదం వేరే దారి పట్టింది.

1693లో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ పిల్లల పెంపకం మీద రాసిన పుస్తకంలో, పనివాళ్లు చెప్పే బూచి కథల మీద విరుచుకుపడ్డాడు. పిల్లల్ని అదుపులో ఉంచడానికి చెప్పే ఆ కథల ముద్ర పెద్దయ్యాక కూడా చెరగదని, చీకటంటే జీవితాంతం వణుకు మిగులుతుందని ఆయన హెచ్చరిక. మనసు పుట్టుకతో ఏమీ రాయని కాగితం లాంటిదని నమ్మిన మనిషికి, భయం కూడా ఎవరో రాసిందే అయి ఉండాలి. అన్నం తినని పిల్లకు బూచాడొస్తాడని చెప్పే మన ఇళ్లలోని పెద్దలందరికీ ఆ హెచ్చరిక వర్తిస్తుంది. ఆ మాటవరకు లాక్‌తో నాకు పేచీ లేదు. పిల్లను లొంగదీయడానికి వాడే భయానికి కథ అనే పేరు కూడా దండగ.

లాక్‌కు సరైన జవాబు 1821లో వ్యాసకర్త చార్లెస్ లాంబ్ నుంచి వచ్చింది. లాంబ్ చిన్నప్పుడు ఇంట్లో ఉన్న ఒక బైబిలు చరిత్ర గ్రంథంలో, మంత్రగత్తె సమూయేలు ప్రవక్తను సమాధి నుంచి లేపుతున్న బొమ్మ ఉండేది. ఆ బొమ్మ ఏళ్ల తరబడి ఆయన రాత్రుల్ని పీడించింది. అయినా ఆయన తప్పు బొమ్మ మీదికి నెట్టలేదు. ఆ బొమ్మ లేకపోతే తన భయం మరో ముఖంతో వచ్చేదని రాశాడు. రుజువుగా తన స్నేహితుడి కొడుకును చూపించాడు. ఆ పిల్లవాడి చెవిన దెయ్యం మాట కూడా పడకుండా ఎంతో జాగ్రత్తగా పెంచారు. రాత్రి తలగడ మీద తల వాల్చగానే ఆ పిల్లవాడికీ చెమటలు పట్టేవి.

తర్వాత వచ్చిన శిశు మనస్తత్వ శాస్త్రం లాంబ్ వైపే మొగ్గింది. ఎనిమిది, తొమ్మిది నెలల బిడ్డ కొత్త ముఖం చూసి ఏడుస్తుంది. రెండు మూడేళ్లు దాటాక చీకటీ, ఊహలో పుట్టిన జీవులూ వస్తాయి. బడి వయసులో దెబ్బలు, దొంగలు, అమ్మానాన్నల చావు. మీసాలు మొలిచే వయసులో నలుగురిలో నవ్వులపాలవుతామన్న భయం. ఏ దేశంలోనైనా కొంచెం అటూ ఇటూగా ఇదే వరస. ఏ అమ్మమ్మా పూనుకుని నేర్పని వరస ఇది.

ఈ వాదం మొత్తానికి ఒక్క రాత్రిని సాక్ష్యంగా పిలవమంటే నేను గ్లాస్గో నగరంలోని గోర్బల్స్ పేటకు వెళ్తాను. 1954 సెప్టెంబరు 23. బడి వదలగానే వందలాది మంది పిల్లలు అక్కడి శ్మశానవాటికలోకి చొరబడ్డారు. చేతుల్లో కర్రలు, కొందరి దగ్గర కత్తులు. వాళ్లలో నాలుగైదేళ్ల పసివాళ్లూ ఉన్నారు. ఏడడుగుల ఎత్తు, ఇనుప పళ్లు ఉన్న పిశాచి ఇద్దరు కుర్రాళ్లను చంపి తినేసిందని వాళ్లు నమ్మారు. శ్మశానం వెనక ఇనుము కరిగించే కర్మాగారం ఉండేది. దాని ఎర్రటి వెలుగు, పొగ సమాధుల మీద పడుతుంటే పిల్లలకు ఇంకేం రుజువు కావాలి? పోలీసు వచ్చి చెప్పాడు, బడి పెద్ద వచ్చి చెప్పాడు, చివరికి వాన వచ్చి చెదరగొట్టింది. మర్నాడు మళ్లీ వచ్చారు. నిజానికి ఆ పేటలో ఏ పిల్లవాడూ తప్పిపోలేదు.

పెద్దలు దోషిని వెంటనే పట్టుకున్నారు. అమెరికా నుంచి వస్తున్న హారర్ కామిక్స్ పిల్లల బుర్రలు పాడుచేశాయన్నారు. ఆ ఏడాదే అమెరికాలో మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వర్థమ్ కామిక్స్ మీద యుద్ధం ప్రకటిస్తూ పుస్తకం రాశాడు. అక్కడి ప్రచురణకర్తలు తమకు తామే కఠిన నియమావళి పెట్టుకున్నారు. బ్రిటన్ పార్లమెంటు 1955లో ఏకంగా చట్టమే చేసింది. అయితే ఇనుప పళ్ల పిశాచి ఉన్న కామిక్ పుస్తకాన్ని అప్పట్లో ఎవరూ చూపించలేకపోయారు. ఇనుప పళ్ల మృగం బైబిల్లో దానియేలు గ్రంథం ఏడో అధ్యాయంలో ఉంది. ఇనుప పళ్ల జెన్నీ అనే ముసలి దయ్యం పందొమ్మిదో శతాబ్దపు స్కాటిష్ పద్యం ఒకదానిలో ఉంది. ప్రార్థనా మందిరమూ, ఇంటి పెద్దలూ పిల్లలకు ఇచ్చినవే ఇవి. ఆ రెండింటి మీదా చట్టం రాలేదు.

ఈ కథ చెప్పేవాళ్లంతా పెద్దల తొందరపాటు దగ్గర ఆగిపోతారు. నాకు అంతకన్నా పిల్లలు చేసిన పని ముఖ్యం. యుద్ధం ముగిసి పదేళ్లు కాలేదు. ఇరుకిరుకు ఇళ్లు, పేదరికం, జబ్బులు. భయపడటానికి వాళ్లకు కారణాలు కావలసినన్ని ఉన్నాయి, వాటిలో దేని మీదా వాళ్ల చెయ్యి పడదు. ఇనుప పళ్ల పిశాచి మీదికి మాత్రం కర్ర ఎత్తవచ్చు. వాళ్లు ఇళ్లలో దాక్కోలేదు, వేటకు బయల్దేరారు.

పిల్లలకు భయం కథలు చెప్పాలా వద్దా అన్న తగవు ముద్రిత పుస్తకాల్లోనూ నడిచింది. గ్రిమ్ సోదరులు 1812లో తొలి సంపుటం వేసినప్పుడు, ఆకలి రోజుల్లో హాన్సెల్‌నూ గ్రెటెల్‌నూ అడవిలో వదిలేయమన్నది కన్నతల్లే. తర్వాతి ముద్రణల్లో ఆమె సవతితల్లి అయిపోయింది. కసాయి ఆట ఆడుతూ ఒక పిల్లవాడు మరొకణ్ణి చంపే కథను రెండో ముద్రణలో తీసేశారు. శిక్షల జోలికి మాత్రం వెళ్లలేదు. ఎర్రగా కాల్చిన ఇనుప చెప్పులతో చచ్చేదాకా నాట్యమాడే రాణి అలాగే మిగిలింది. కన్నతల్లి క్రూరత్వం పిల్లలు తట్టుకోలేరు, కాల్చిన చెప్పులు తట్టుకోగలరు అనుకున్నారన్నమాట. అందులో కొంత నిజం ఉంది. ఇక ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు హైన్రిక్ హాఫ్‌మన్ తన మూడేళ్ల కొడుకు కోసం రాసి 1845లో అచ్చువేసిన బొమ్మల పుస్తకంలో, బొటనవేలు చీకే పిల్లవాడి వేళ్లను దర్జీ పెద్ద కత్తెరతో కత్తిరించేస్తాడు. తరతరాల జర్మన్ పిల్లలు దాన్ని చదివారు. నాకది బూచాడి కోవలోదిగానే కనిపిస్తుంది. అందులో పిల్లవాడు చేయగలిగిందేమీ లేదు, భయపడి బుద్ధి తెచ్చుకోవడం తప్ప.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ చర్చకు కేంద్రం మోరిస్ సెండాక్ 1963లో వేసిన బొమ్మల పుస్తకం, 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్'. మొత్తం 338 మాటలు. అల్లరి చేసిన మాక్స్‌ను అమ్మ రాత్రి భోజనం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది. ఆ గది అడవి అవుతుంది, వాడు పడవెక్కి వికృత జంతువుల దీవికి వెళ్లి, వాటి కళ్లలోకి రెప్ప వేయకుండా చూసి లొంగదీసి, రాజై, చివరికి ఇల్లు గుర్తొచ్చి వెనక్కి వస్తాడు. అన్నం వేడిగా ఎదురుచూస్తుంటుంది. పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో, బ్రూక్లిన్‌లో పెరిగిన సెండాక్ ఆ జంతువులకు మూలం తన బంధువులేనని చెప్పేవాడు. ఆదివారం భోజనానికి వచ్చి, బుగ్గలు గిల్లి, కొరుక్కు తినేస్తానంటూ పాచిపళ్లతో మీద పడే బాబాయిలూ అత్తయ్యలూ. మన ఇళ్లలోనూ ముద్దొచ్చిన పాపను కొరుక్కు తినేస్తామనే అంటాం. ఆ మాట పాప చెవికి ఎలా వినిపిస్తుందో సెండాక్ మరిచిపోలేదు.

ఆ పుస్తకానికి అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే అతి పెద్ద పురస్కారం, కాల్డెకాట్ పతకం, 1964లో వచ్చింది. 1969లో ఒక మహిళా పత్రికలో ప్రసిద్ధ శిశు మనస్తత్వవేత్త బ్రూనో బెటెల్‌హైమ్ దాన్ని తప్పుపట్టాడు. అన్నం పెట్టకుండా పంపడమంటే తల్లి వదిలేస్తుందన్న భయాన్ని రేపడమేనని ఆయన అభ్యంతరం. అప్పటికి ఆయన ఆ పుస్తకం చదవలేదు, తల్లులు చెప్పింది విని రాశాడు. ఏడేళ్ల తర్వాత అదే బెటెల్‌హైమ్, జానపద కథల్లోని మంత్రగత్తెలూ తోడేళ్లూ పిల్లలకు ఎందుకు అవసరమో వివరిస్తూ పెద్ద గ్రంథం రాసి గొప్ప పేరు తెచ్చుకున్నాడు. పిల్లల్లో పేరు తెలియని ఆందోళనలు ఉంటాయి, కథ వాటికి రూపం ఇచ్చి దారి చూపుతుంది అని ఆ గ్రంథం సారాంశం. ఆయన మరణించాక, ఇతరుల రచనల నుంచి చెప్పకుండా తీసుకున్నాడన్న ఆరోపణలు వచ్చాయి, కథలకు ఆయన చేసిన ఫ్రాయిడియన్ వ్యాఖ్యానాల్లో చాలావాటిని నేనూ ఒప్పుకోలేను. అయినా ఆ మూలసూత్రం నిలబడుతుంది. దానికి అతి చక్కని ఉదాహరణ ఆయన చదవకుండా కొట్టిపారేసిన పుస్తకమే.

ప్రయోగశాలలు ఈ మధ్యే రంగంలోకి దిగాయి. డెన్మార్క్‌లో ఆర్హుస్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు ఒక దెయ్యాల కోట వినోదశాలకు వచ్చిన 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు తగిలించి, 2020లో ఫలితాలు ప్రకటించారు. భయం పెరిగేకొద్దీ ఆనందం పెరిగింది, ఒక హద్దు దాటాక తగ్గింది. మరీ తక్కువైతే చప్పగా ఉంటుంది, మరీ ఎక్కువైతే తట్టుకోలేం. 2021లో వచ్చిన మరో అధ్యయనంలో, హారర్ ఇష్టపడేవాళ్లు కోవిడ్ తొలి నెలల్లో మానసికంగా కాస్త ఎక్కువ నిలదొక్కుకున్నట్టు కనబడింది. 310 మంది తమ గురించి తాము చెప్పుకున్న జవాబుల మీద కట్టిన మాట ఇది. హారర్ చదివినందువల్లే గట్టిపడ్డారని దీన్నిబట్టి తేల్చలేం.

అవతలి పక్షానికీ బలమైన ఆధారాలున్నాయి, వాటిని దాటేయడం న్యాయం కాదు. అమెరికన్ పరిశోధకురాలు జోయాన్ కాంటర్ ఏళ్ల తరబడి ఈ విషయం మీదే పనిచేశారు. 1999లో ఆమె మరొకరితో కలిసి కాలేజీ విద్యార్థులను అడిగితే, పదిమందిలో తొమ్మిది మంది చిన్నప్పుడు చూసిన ఏదో ఒక సినిమా లేదా టీవీ దృశ్యం తమను చాలాకాలం వెంటాడిందన్నారు. నాలుగో వంతు మందికి ఆ బెదురు ఇంకా పోలేదు. పసిపిల్లలను రూపం భయపెడుతుందని, ఎదిగేకొద్దీ అర్థం భయపెడుతుందని కూడా ఆమె చూపించారు. 1983లో అమెరికన్ టీవీలో అణుదాడి మీద ఒక సినిమా వచ్చినప్పుడు చిన్నపిల్లలు అందరికన్నా తక్కువ, తల్లిదండ్రులు అందరికన్నా ఎక్కువ కలవరపడ్డారు. పిల్లలను ఏది భయపెడుతుందో మనం ఊహించి చెప్పే మాటలు చాలావరకు మన భయాల గురించేనని దీన్నిబట్టి అర్థమవుతుంది.

కాంటర్ చెప్పినవి తెరకు సంబంధించిన సంగతులు. పుస్తకం వేరు. అక్షరాన్ని పిల్ల తన ఊహతో నింపుకుంటుంది, ఓర్చుకోగలిగినంతే నింపుకుంటుంది. గుండె దడదడలాడితే వేలు మధ్యలో పెట్టి పుస్తకం మూస్తుంది, కాసేపటికి తెరుస్తుంది. ఆ అధికారం తెర ముందు ఉండదు. పుస్తకంలోనూ బొమ్మలకు మాత్రం తెర స్వభావం కొంత ఉంటుంది. ఆల్విన్ ష్వార్ట్‌జ్ అమెరికన్ జానపద కథల నుంచి ఏరి 1981, 1984, 1991లలో వేసిన మూడు భయం కథల పుస్తకాలు 1990ల్లో అక్కడి గ్రంథాలయాల్లో అత్యధిక అభ్యంతరాలు ఎదుర్కొన్నాయి. కథలకన్నా స్టీఫెన్ గామెల్ గీసిన బొమ్మలే అందుకు ఎక్కువ కారణం. సిరా కారిపోతున్నట్టు, ఎముకలూ వెంట్రుకలూ పొగలో కలిసినట్టు ఉంటాయవి. తొలి పుస్తకం వచ్చిన ముప్పై ఏళ్లకు ప్రచురణకర్తలు వాటి స్థానంలో మెత్తటి బొమ్మలు వేశారు. పెద్దవాళ్లైపోయిన పాత పాఠకులు గొడవ చేశారు. 2017లో పాత బొమ్మలు తిరిగొచ్చాయి. తమను నిద్రపోనివ్వని బొమ్మల కోసం వాళ్లు ఎందుకు పట్టుబట్టారు? ఆ బొమ్మలను తాము దాటొచ్చామన్న గుర్తు వాళ్లకు కావాలి. ఆ గుర్తును ఎవరో మెత్తబరిస్తే ఊరుకోలేదు.

తెలుగువాళ్ల దగ్గర ఈ సంప్రదాయం పుస్తకం కన్నా ముందు నోటిలో, బుర్రకథలో, తోలుబొమ్మలాటలో ఉంది. వాటన్నిట్లోకీ నేను బాలనాగమ్మ కథను ముందు నిలబెడతాను. మాయల ఫకీరు బిచ్చానికి వచ్చి, బాలనాగమ్మను కుక్కగా మార్చి తీసుకుపోతాడు. వెతుకుతూ వెళ్లిన భర్త రాయైపోతాడు. పెద్దలంతా ఓడిపోయాక బయల్దేరేది కొడుకు బాలవర్ధిరాజు, పసివాడు. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని తల్లి కూపీ లాగుతుంది. కొడుకు వెళ్లి ఆ చిలకను పట్టుకుంటాడు. పిల్లల భయానికి ఇంతకన్నా మంచి కథా నిర్మాణం ప్రపంచంలో ఎక్కడా చూడలేదు నేను. అమ్మ మాయమవుతుందన్నది పసితనపు అన్నిటికన్నా పెద్ద భయం. దానికి ముఖం ఫకీరు, దాని ప్రాణానికి ఒక చిరునామా ఉంది, అక్కడికి చేరుకోగలిగింది పిల్లవాడే. 1942లో జెమినీ వారి సినిమాలో గోవిందరాజుల సుబ్బారావు ఆ మాంత్రికుడి వేషం కట్టారు. ఆ రోజుల్లో పిల్లలుగా చూసినవాళ్లు ముసలితనంలోనూ ఆ నవ్వు గురించి చెప్పేవారు.

1947 జులైలో మొదలైన 'చందమామ' ఈ సంపదను అచ్చులోకి తెచ్చింది. కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు, తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, పేర్లతోనే పిల్లల్ని చీకట్లోకి పిలిచేవి. బేతాళ కథల సంగతి మరీ విచిత్రం. సోమదేవుడి పాతిక కథలూ అయిపోయాక కూడా దశాబ్దాల పాటు కొత్త కథలు రాయించారు. నెలనెలా అదే శ్మశానం, అదే నడక, కథ చివర జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న అదే బెదిరింపు. శంకర్ గీసిన బొమ్మలో, కత్తి దూసి శవాన్ని మోసుకెళ్లే రాజు ముఖంలో బెదురు ఉండదు. చిన్నప్పుడు శవాన్ని చూడటానికి జంకి ఆ ముఖాన్నే చూసేదాన్ని, దాన్ని పట్టుకునే కథలోకి వెళ్లేదాన్ని. బేతాళుడు రాజును పరీక్షించేది బలంతో కాదు, న్యాయం ఏమిటన్న ప్రశ్నతో. దెయ్యం చేతే తీర్పు అడిగించిన సంప్రదాయం ఇంకొకటి ఉందేమో నేనెరగను.

ఆ తర్వాత మన దగ్గర ఒక పెద్ద మలుపు వచ్చింది. 1980ల ప్రాంతంలో 'ఆంధ్రభూమి' వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' రాశారు. తులసి అనే చిన్నపాప మీద క్షుద్రశక్తుల ప్రయోగం, ఒకవైపు మాంత్రికులు, మరోవైపు వైద్యమూ హిప్నాటిజమూ, ఏది నిజమో తేల్చుకోలేక నలిగే తండ్రి. దానికి కొనసాగింపు 'తులసి', దాని ఆధారంగా 1986లో 'కాష్మోరా' సినిమా. వారం వారం ఆ పత్రిక కోసం కాపుకాసిన కుటుంబాలు లెక్కలేనన్ని. అద్దె పుస్తకాల కొట్లలో ఆ నవల అట్ట ఊడిపోయేదాకా తిరిగింది. పిల్ల గురించి పెద్దల కోసం రాసిన నవల అది. పెద్దలు పడుకున్నాక పిల్లలూ చదివారు, మా ఇంట్లోలాగే. బాలవర్ధిరాజుకు దక్కిన పని తులసికి దక్కలేదు. మంచం మీద పడి ఉండటమే ఆమె వంతు. అందుకే ఆ తరం పిల్లలకు ఆ పుస్తకం తెచ్చిన భయం అంత గాఢంగా, అంత నిస్సహాయంగా ఉండిపోయిందని నేను అనుకుంటాను. ఉత్కంఠ నడపడంలో యండమూరి పనితనాన్ని మెచ్చుకుంటూనే ఈ మాట అంటున్నాను.

రంగనాయకమ్మ ఆ నవలను 'గంజాయి దమ్ము' అని తీవ్రంగా దుయ్యబట్టారు. చేతబడి ఉందేమోనన్న అనుమానాన్ని అది బలపరుస్తుందన్న ఆందోళన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. బాణామతి, చిల్లంగి, చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టడం, పళ్లు పీకడం, చంపడం తెలుగు పల్లెల్లో జరిగిన, ఇంకా జరుగుతున్న ఘోరాలు. బలయ్యేది ఎక్కువగా ఒంటరి ముసలివాళ్లు, అండలేని పేదలు. భయం పుస్తకాన్ని తూచేటప్పుడు ఎంత భయపెట్టింది అని అడగడం కన్నా, ఎవరిని చూసి భయపడమంది అని అడగాలి. ఈ కొలతకు నేను ఇష్టపడే కథలూ తలవంచాలి. గ్రిమ్ కథలోని మంత్రగత్తె అడవిలో ఒంటరిగా బతికే ముసలిది. అటువంటి ముసలివాళ్లను యూరప్ శతాబ్దాల పాటు కాల్చింది, ఉరితీసింది. 1983 నాటి రోల్డ్ డాల్ నవలలో మామూలు ఆడవాళ్ల వేషంలో మంత్రగత్తెలు తిరుగుతుంటారు, ఎవరు మంత్రగత్తో చెప్పలేం. ఆ నవల వేగం నన్ను కట్టిపడేస్తుంది, ఆ అనుమానం మాత్రం మింగుడుపడదు. బాలనాగమ్మను ఎత్తుకెళ్లినవాణ్ణి ఒకచోట ఫకీరు అంటారు, ఒకచోట మరాఠీ అంటారు. రెండింట్లోనూ ఊరికి కొత్తగా వచ్చిన పరాయి మనిషే.

పరాయి మనిషి మీద పిల్లలకు నేర్పిన భయం పెద్దల చేతుల్లో ఏమవుతుందో 2018 వేసవిలో చూశాం. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయంటూ తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. బిచ్చగాళ్లను, మతిస్థిమితం లేనివాళ్లను, దారి తప్పిన బాటసారులను జనం కొట్టారు, ప్రాణాలు పోయాయి. గద్వాల జిల్లా పోలీసు అధికారిగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరా పోలీసులను పంపి, డప్పు కొట్టించి, పాటల ద్వారా ఆ కథ అబద్ధమని చెప్పించారు. భయం కథను పాటతో ఎదుర్కోవాలన్న ఆలోచన నాకెంతో నచ్చింది. ఆ కథ ఏ దారిన ఊళ్లోకి వచ్చిందో తెలిసినవాళ్లే అలా చేయగలరు.

దీని పక్కన 1990ల్లో తెలుగు నేలను ఊపేసిన మరో పుకారును పెట్టి చూడండి. రాత్రిపూట తెలిసినవాళ్ల గొంతుతో పిలిచే ఆడదెయ్యం, తలుపు తీస్తే చావు. విరుగుడుగా ఊళ్లకు ఊళ్లే తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్నాయి. ఇక్కడా దెయ్యం ఆడదే, ఆ అన్యాయం ఉంది. కానీ ఎవరి మీదా చెయ్యి లేవలేదు. సుద్దముక్కతో, జేగురుతో ఆ నాలుగు మాటలు రాసే పని చాలా ఇళ్లలో బడికెళ్లే పిల్లలకే పడింది, ఇంట్లో చేతిరాత బాగున్నది వాళ్లదే కనుక. రాసిన పిల్ల ఆ రాత్రి కాస్త నిబ్బరంగా పడుకుంది.

ఇప్పటి పిల్లల మాటకొస్తే నాకు దిగులుగా ఉంది. చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. తెలుగు పుస్తకాల కొట్టులో పిల్లల అర ముందు నిలబడితే నీతికథలు, తెనాలి రామకృష్ణుడు, పంచతంత్రం, మహనీయుల జీవితాలు కనబడతాయి. భయం ఆ అర నుంచి దాదాపు వెళ్లిపోయింది. ఫోన్‌లో మాత్రం దెయ్యం కథల వీడియోలు ఒకటి అయ్యేలోగా ఇంకొకటి వచ్చిపడుతుంటాయి. అవి చూసే పిల్ల పక్కన ఎవరూ ఉండరు, వాటికి ముగింపూ ఉండదు. ఇంగ్లీషు చదువుకున్న ఇళ్లలో 1992లో మొదలైన ఆర్.ఎల్. స్టైన్ 'గూస్‌బంప్స్' పుస్తకాలు ఉంటాయి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత ప్రతులు గుట్టలుగా దొరుకుతాయి. పిల్లలే కథానాయకులు, పిల్లలే దారి వెతుక్కుంటారు, చాలావరకు ఎవరూ చావరు. స్టైన్‌ను సాహిత్యం కాదని తోసేసేవాళ్లతో నేను ఏకీభవించను. కాకపోతే ఆ దెయ్యాలు అమెరికన్ ఇళ్ల నేలమాళిగల్లో ఉంటాయి. మన పిల్ల రాత్రి భయపడేది నీళ్ల ట్యాంకు పక్కనున్న చింతచెట్టును చూసి.

బెంగాలీలు ఈ పనిని చిన్నదనుకోలేదు. దక్షిణారంజన్ మిత్ర మజుందార్ 1907లో అమ్మమ్మల రాక్షస కథలను పుస్తకంగా కూరిస్తే రవీంద్రనాథ్ టాగూర్ ముందుమాట రాశారు. ఉపేంద్రకిశోర్ రాయ్ పిల్లల కోసం దెయ్యాల రాజును సృష్టించారు, ఆయన మనవడు సత్యజిత్ రే దాన్ని 1969లో సినిమా తీశారు, తాత పెట్టిన 'సందేశ్' పత్రికను తిరిగి నడుపుతూ అందులో పిల్లలకు భయం కథలు రాశారు. శీర్షేందు ముఖోపాధ్యాయ్ నవలల్లో పిల్లలకు సాయపడే దెయ్యాలున్నాయి. తెలుగులో ఆ స్థాయి రచయితలకు కొరత లేదు. వాళ్లలో చాలామంది బేతాళుడి ప్రశ్నలు వింటూ పెరిగినవాళ్లే. కొరివిదెయ్యాలు, దిగుడుబావులు, ఊడలమర్రులు, ఊరవతల పాడుబడ్డ బంగళాలు వాళ్లకు బాగా తెలుసు. పదేళ్ల పిల్ల ఒక్కతే లాంతరు పట్టుకుని ఆ బంగళాలోకి వెళ్లి, అక్కడున్నదాన్ని నీ పేరేమిటని అడిగే నవల ఒకటి వాళ్లు రాయాలి, ఒక ప్రచురణకర్త దాన్ని మంచి బొమ్మలతో, ఆ పిల్ల చెయ్యి అందే ఎత్తులో పెట్టాలి.